పేజీ ఎక్కడ ఆగింది?

పోయిన జూలైలో మా గల్లీలో ఉండే అక్క ఒకామె మా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, మాట్లాడుతూనే బీడీ చుడుతోంది.

"తమ్మీ, నువ్వు కంప్యూటర్ చదివినోనివి గదా. ఫారం నింపుతుంటే ఆ చక్రం గిర్రున తిరుగుతనే ఉంటది. లోపల ఎవరు తిప్పుతరు దాన్ని?"

నవ్వొచ్చింది. కాని ఆమె నవ్వలేదు. "నా బిడ్డ రాత్రి పదకొండు సార్లు నొక్కింది. పేజీ రాలె. తెల్లారితే తారీఖు అయిపాయె. నేను చాట పక్కన పెట్టి దానితోనే కూసున్న. ఆ రోజు వెయ్యి కాదు గదా, ఐదు వందలు కూడా కాలె."

అప్పుడు నా నవ్వు పోయింది. ఆ చక్రం తిప్పింది నేనే. ఆ పేజీ రాసింది నేను.

మన షోలాపూర్ పూర్వభాగంలో మిల్లు కార్మికుల పిల్లలకు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు ఏటా చదువు సాయం చేసే నిధి ఒకటి ఉంది. పేరు రాయను, ఎందుకంటే తప్పు నిధిది కాదు. 2012లో కమిటీ పెద్దలు "కాగితం ఫారాలు పోతున్నయి, కంప్యూటర్‌ల పెట్టు" అంటే ఉచితంగా రాసిచ్చాను. అప్పుడు సభ్యులు మూడు వందల పైచిలుకు. నలభై పేర్లు పెట్టి పరీక్ష చేసి, బ్రహ్మాండంగా ఉందని శాలువా కూడా కప్పించుకున్నాను. ఇప్పుడు సభ్యులు 22 వేలు. రాత మాత్రం అదే పాత రాత.

ఈ నెల శీర్షికలో నా తప్పు లెక్క చెబుతాను. డిప్లొమా, బీసీఏ చదివే పిల్లలకు పనికొస్తుంది. వాళ్ల అమ్మానాన్నలకు కూడా అర్థమయ్యేలాగే చెబుతాను.

మనం వేలు పెట్టి నొక్కితే పేజీ ఫోన్‌లో పుట్టదు. నొక్కిన కబురు టవర్ మీదుగా ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంప్యూటర్‌కు పోతుంది. దాన్ని సర్వర్ అంటారు. అక్కడ స్క్రిప్టు నడుస్తుంది. స్క్రిప్టు అంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాసిపెట్టిన వరుస. నేను రాసింది పీహెచ్‌పీ అనే భాషలో. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన సొంత పేజీ కోసం రాసుకున్న చిన్న పనిముట్లను 1995లో అందరికీ ఇచ్చాడు, అదే పెరిగి ఇంత అయింది. ఆ స్క్రిప్టు పక్కనున్న డేటాబేస్‌ను అడుగుతుంది: ఈ సభ్యత్వం నంబరు ఎవరిది, పోయిన ఏడు సాయం అందిందా, మార్కులెన్ని. జవాబులన్నీ వచ్చాక పేజీ అల్లి ఫోన్‌కు పంపుతుంది. చక్రం తిరుగుతోందంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట పని ఆగి ఉందన్నమాట. ఎక్కడ అన్నదే ప్రశ్న.

నేను ఆ ప్రశ్న అడగలేదు. జూన్ మొదట్లో ఫిర్యాదులు వస్తే "మీ ఫోన్ నెట్ స్లో ఉంది" అని చెప్పి పంపించాను. ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫిర్యాదులు పెరిగాక స్క్రిప్టు తెరిచి తోచినదల్లా మార్చాను. డబుల్ కోట్లు తీసి సింగిల్ కోట్లు పెట్టాను. "ఎకో" మంచిదా "ప్రింట్" మంచిదా అని ఒక రాత్రి పోగొట్టుకున్నాను. ఇవన్నీ కుర్రాళ్లు టీ బండి దగ్గర వాదించుకునే సంగతులు, మన పేజీలో వీటి వల్ల వెంట్రుకంత తేడా కూడా రాలేదు. చివరికి కమిటీకి చెప్పి పెద్ద సర్వర్ కొనిపించాను. ఏడాదికి 18 వేల రూపాయలు ఎక్కువ. ఇద్దరు పిల్లల పుస్తకాల డబ్బు అది. చేతి గడియారం పెట్టుకుని చూస్తే 14 సెకన్ల పేజీ 11 అయింది. జనం పెరిగేసరికి మళ్లీ 14.

జూన్ 30 రాత్రి అసలు తెరుచుకోవడమే మానేసింది.

అక్క వెళ్లిపోయాక లోపలికొచ్చి నాయినకు చెప్పాను. మా నాయిన మిల్లులో జాబర్‌గా చేసి రిటైరయ్యాడు, కంప్యూటర్ ముట్టలేదు. అంతా విని ఒక్క మాటే అడిగాడు:

"నడక మెల్లగనా, ఆగుడు ఎక్కువనా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. సాంచా రోజుకు ఇంత గుడ్డ నేయాలి, నేయడం లేదు. సేటు అంటాడు, స్పీడు పెంచు అని. స్పీడు పెంచితే పోగులు ఇంకా తెగుతాయి, గుడ్డ ఇంకా తగ్గుతుంది. జాబర్ అయినవాడు ముందు అరగంట నిలబడి చూడాలి. పడుగు పోగు తెగి ఎన్నిసార్లు ఆగింది, కండె అయిపోయి ఎన్నిసార్లు ఆగింది, భీము రాక ఎంతసేపు ఖాళీగా ఉంది. "కండెలు తెచ్చే పిల్లగాడు ఒక్కో కండె కోసం ఖాతా ఆ చివరకు పోయి వస్తుండు అనుకో. సాంచా మార్చి ఏం లాభం?"

గడియారం అంటే మన ఇళ్లలో మంచి పేరున్న వస్తువు కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక నిలబడిన బాబు వచ్చాడంటే, రేపు ఇంకో సాంచా అంటగడతారని అర్థం. 1928లో బొంబాయి మిల్లులు ఆరు నెలలు సమ్మెలో మూతపడ్డాయి, తక్కువ మందితో ఎక్కువ యంత్రాలు నడిపించాలన్న పథకం ఆ సమ్మెకు ఒక పెద్ద కారణం. నాయినకు కూడా ఆ గడియారం మీద ఇప్పటికీ కోపమే. "ఈ గడియారం మిషను మీద పెట్టు, మనిషి మీద కాదు" అన్నాడు, నవ్వుకుంటూ.

మొదట బయటి నుంచి చూశాను. ఇది ఎవరైనా చేయొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కితే ఒక కిటికీ వస్తుంది. అందులో "నెట్‌వర్క్" అన్నచోట నొక్కి పేజీని మళ్లీ తెరవండి. మొదటి వరుస మీద నొక్కి "టైమింగ్" చూస్తే, కబురు పోవడానికి ఎంత, సర్వర్ జవాబు కోసం ఆగింది ఎంత, పేజీ దిగడానికి ఎంత అని విడివిడిగా కనిపిస్తుంది. మనది మొత్తం 14.3 సెకన్లు. అందులో 14 సెకన్లు సర్వర్ జవాబు కోసమే ఆగింది. ఫోన్ నెట్ తప్పు 0.3 సెకన్లు. నేను జనానికి చెప్పిన అబద్ధం కొలత ఇంత.

తర్వాత లోపలి నుంచి. పీహెచ్‌పీలో "మైక్రోటైమ్" అని ఒక ఫంక్షన్ ఉంది. దానికి "ట్రూ" అని ఇస్తే ఇప్పటి సమయాన్ని సెకన్లలో, దశాంశాలతో సహా చెబుతుంది. స్క్రిప్టు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మొత్తం సమయం వస్తుంది. పీహెచ్‌పీ 7.3 నుంచి "హెచ్ఆర్‌టైమ్" అని ఇంకొకటి వచ్చింది, అది నానో సెకన్లలో చెబుతుంది. మధ్యలో సర్వర్ గడియారాన్ని ఎవరైనా సరిచేసినా దాని లెక్క చెడదు, కాబట్టి కొత్తగా రాసేవాళ్లు అదే వాడండి. మొత్తం సమయం ఒక్కటే తెలిస్తే చాలదు. నేను ఒక్కో పనికి ముందూ వెనకా గుర్తు పెట్టాను: డేటాబేస్‌ను అడిగే చోట, ఫోటో చిన్నది చేసే చోట, పేజీ అల్లే చోట. వచ్చిన అంకెలను పేజీ మీద చూపించకుండా ఒక ఫైల్‌లో రాయించాను. జనం చూసే పేజీలో ఇలాంటివి వదిలేయకూడదు.

పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఒక్కసారి నడిపి అంకె రాసుకుంటారు. మొదటిసారి ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, రెండోసారికి డేటాబేస్ కొంత గుర్తు పెట్టుకుని ఉంటుంది. కనీసం ఇరవైసార్లు కొలవాలి. కొలిచాక సగటు చూసి ఊరుకోవద్దు. పద్దెనిమిది మందికి ఒక్క సెకన్, ఇద్దరికి ముప్పై సెకన్లు అయితే సగటు నాలుగు సెకన్లు కూడా రాదు, పర్వాలేదనిపిస్తుంది. ఆ ఇద్దరికి పర్వాలేదా? అందుకే అన్నిటికంటే మెల్లగా వచ్చిన వాటిని విడిగా చూడాలి. ఇంకొకటి, నలభై పేర్లతో కొలవొద్దు. అసలు సమాచారం ఎంత ఉందో అంత పెట్టుకునే కొలవాలి. నేను 2012లో ఇది చేసి ఉంటే ఈ శీర్షికకు వేరే సంగతి దొరికేది.

అంకెలు వచ్చాయి. 14 సెకన్లలో పేజీ అల్లడానికి 0.3. ఫోటోలకు 0.9. మిగిలిన 12.8 సెకన్లు డేటాబేస్ దగ్గరే.

మై‌ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు ఆలస్యమైన ప్రశ్నల చిట్టా ఒకటి ఉంటుంది, స్లో క్వెరీ లాగ్ అంటారు. మామూలుగా అది ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేసి అరగంట ఆగాను. ఖాళీ! ఒక్క ప్రశ్న కూడా లేదు. నాకు పిచ్చెక్కింది. 12.8 సెకన్లు ఎటు పోయినట్టు? ఆ చిట్టాలో పడాలంటే ఒక ప్రశ్నకు పది సెకన్ల కంటే ఎక్కువ పట్టాలి, కంపెనీ పెట్టిన హద్దు అది. ఆ హద్దును సున్నా చేసి పది నిమిషాలు వదిలితే అన్ని ప్రశ్నలూ పడతాయి. అలా చేశాక కనిపించింది. ఒక్క పేజీకి ఒకే రకం ప్రశ్న 640 సార్లు.

పేజీ అడుగున "ఈ ఏడాది దరఖాస్తుదారులు" అని ఒక జాబితా పెట్టాను, గొప్పగా ఉంటుందని. దరఖాస్తులు 640. జాబితా ఒకసారి తెచ్చి, తర్వాత ఒక్కో పిల్లకూ తల్లో తండ్రో పేరు కోసం విడివిడిగా డేటాబేస్‌ను అడుగుతోంది నా స్క్రిప్టు. నాయిన చెప్పిన కండెల పిల్లగాడు వీడే, ఒక్కో కండెకు ఒక్కో నడక. ఈ జబ్బు ఎంత మామూలంటే దీనికి "ఎన్ ప్లస్ వన్" అని పేరే ఉంది. ఒక్కో ప్రశ్నకు 20 మిల్లీసెకన్లు, అంటే సెకన్‌లో యాభయ్యో వంతు. దాన్ని మెల్లన అని ఎవరంటారు? 640తో గుణిస్తే 12.8 సెకన్లు. అణా పైసలతో లెక్క సరిపోయింది.

ఆ 20 మిల్లీసెకన్లు కూడా ఎందుకు పడుతున్నాయో చూడాలి కదా. ప్రశ్న ముందు "ఎక్స్‌ప్లెయిన్" అని రాసి అడిగితే డేటాబేస్ తాను ఎలా వెతుకుతుందో చెబుతుంది. ఒక్క పేరు కోసం 22 వేల వరుసలు మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది! సభ్యత్వం నంబరు మీద ఇండెక్స్ లేదు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం మొదటి పేజీ నుంచి చదవం, అక్షరం చూసి తిప్పుతాం. అక్షర క్రమమే లేని నిఘంటువు నేను చేసిపెట్టాను. మూడు వందల పేర్లున్నప్పుడు అది బయటపడలేదు.

ముందుగా మొత్తం డేటాబేస్‌కు నకలు తీసి పక్కన పెట్టాను. ఇది మాత్రం ఎవరూ మరిచిపోవద్దు. తర్వాత ఇండెక్స్ పెట్టాను, రాత ఒక్క వరుస. ఎక్స్‌ప్లెయిన్‌లో 22 వేల చోట 1 వచ్చింది. పేజీ 14 సెకన్ల నుంచి 1.5కు దిగింది. 18 వేల రూపాయల సర్వర్ చేయని పని ఒక్క వరుస చేసింది. తర్వాత 640 ప్రశ్నలను "జాయిన్"తో కలిపి ఒక్కటి చేశాను, 1.2 అయింది. ఫోటోలు పేజీ తెరిచిన ప్రతిసారీ చిన్నవి అవుతున్నాయి. దాన్ని మార్చి, ఫోటో ఇచ్చినప్పుడే ఒక్కసారి చిన్నది చేసి దాచాను. 0.3 సెకన్లు. ఒక్కో మార్పు చేశాక ఆగి, కొలిచి, రాసుకుని, అప్పుడే ఇంకోదానికి పోయాను. మూడూ ఒకేసారి చేసి ఉంటే ఏది పనిచేసిందో నాకే తెలిసేది కాదు.

ఇంకా తగ్గించడానికి దారులున్నాయి. పీహెచ్‌పీ 5.5 నుంచి ఆప్‌క్యాష్ దానితోనే వస్తోంది, స్క్రిప్టును ప్రతిసారీ మొదటి నుంచి చదివి అర్థం చేసుకునే పని తప్పిస్తుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. పేజీనే తయారుచేసి దాచి ఉంచే పద్ధతి కూడా ఉంది. అందరికీ ఒకేలా కనిపించే నోటీసు పేజీకి అది బాగుంటుంది. దరఖాస్తు పేజీకి మాత్రం నేను పెట్టలేదు. అక్కడ పొరపాటు జరిగితే ఒకరి బ్యాంకు నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది. 0.3 సెకన్లకు ఎవరి పనీ చెడదు, ఆ ప్రమాదం మనకెందుకు.

జూన్ 30 రాత్రి సంగతి ఇంకా చెప్పలేదు. 14 సెకన్లు పడితే పట్టనీ, ఆగితే వస్తుంది కదా అనుకోవచ్చు. రాదు. మన సర్వర్‌లో ఒకేసారి ఐదు స్క్రిప్టులే నడిచేలా ఏర్పాటు ఉంది. ఐదు సాంచాలున్న కార్ఖానా అనుకోండి. ఒక్కో పేజీకి 14 సెకన్లయితే నిమిషానికి దాదాపు 21 పేజీలు. చివరి రాత్రి రెండు వందల మంది ఒక్కసారి నొక్కితే చివరివాడి వంతు తొమ్మిది నిమిషాల తర్వాత. అంతసేపు ఎవరాగుతారు? మళ్లీ నొక్కుతారు. మళ్లీ నొక్కిందల్లా వరుసలో కొత్తగా చేరుతుంది. ముందే తన సమయం దాటిన వాటిని బయట ఉన్న వెబ్ సర్వర్ తెంపేస్తుంది, లోపల స్క్రిప్టు మాత్రం ఎవరికీ అక్కరలేని పేజీని అల్లుతూనే ఉంటుంది. అదే 0.3 సెకన్లయితే ఆ ఐదు సాంచాలే నిమిషానికి వెయ్యి పేజీలిస్తాయి.

వెబ్ సర్వర్ వచ్చిన ప్రతి కబురునూ సమయంతో సహా ఒక చిట్టాలో రాసుకుంటుంది. నా పేజీ చిరునామాలోనే సభ్యత్వం నంబరు కూడా ఉండేది. అలా రాయడం మంచి పద్ధతి కాదు, తర్వాత తీసేశాను. ఆ రోజు మాత్రం అదే పనికొచ్చింది. అక్క నంబరు వెతికాను. రాత్రి 9:40 నుంచి 11:52 దాకా, సరిగ్గా పదకొండు సార్లు. ఒక్కదానికీ పేజీ వెళ్లలేదు.

అక్కది ఒక్కటే కాదు. ఆ రాత్రి ప్రయత్నించి, దరఖాస్తు పూర్తి కాని నంబర్లు 63.

చిట్టాను కాగితం మీద ముద్రించి కమిటీ ముందు పెట్టాను. "తారీఖు అందరికీ ఒక్కటే గదా, ముందు నుంచి ఎందుకు నింపలేదు" అన్నారు ఒకాయన. న్యాయమే అనిపించే మాట. కాని 63 నంబర్లలో 40 జూన్ మొదటి వారం నుంచీ చిట్టాలో ఉన్నాయి, వచ్చి వచ్చి పోయాయి. నా పేజీ వాళ్లను మూడు వారాలు వాకిట్లో నిలబెట్టింది. ఆ కాగితాలు చూశాక ఎవరూ మాట్లాడలేదు. ఆగస్టులో మూడు రోజులు మళ్లీ తెరిచారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. 41 మంది వచ్చి నింపారు. 22 మంది రాలేదు. కొన్ని ఫోన్లు మారిపోయాయి. ఇద్దరు పిల్లలు అప్పటికే టవల్ కార్ఖానాలో పనికి కుదిరారని ఇంటివాళ్లు చెప్పారు.

అక్క బిడ్డ రెండో రోజే నింపింది, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సాయం సెప్టెంబరులో అందింది. కాని కాలేజీలో మొదటి ఫీజు జూలైలోనే కట్టాలి. చెవుల కమ్మలు కుదువ పెట్టి కట్టింది అక్క. సాయం డబ్బు రాగానే విడిపించింది, రెండు నెలల వడ్డీ మాత్రం చేతి నుంచి పోయింది. ఆ వడ్డీ ఇచ్చే పద్దు నిధిలో లేదు. నేనిస్తానంటే తీసుకోలేదు. "పేజీ నువ్వు రాసినవని నాకు అప్పుడు చెప్పలేదు గదరా" అని మాత్రం అంది.

జూన్ 1 నుంచి ఈ ఏడాది దరఖాస్తులు మొదలు. పెద్ద సర్వర్ వాపసు ఇచ్చేశాం, పాతది చాలు. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా నేను నిధి ఆఫీసులో చిట్టా తెరుచుకుని కూర్చుంటాను. మీ పేజీ మూడు సెకన్ల కంటే ఎక్కువ ఆగితే మళ్లీ మళ్లీ నొక్కొద్దు. గోడ గడియారం చూసి, ఎన్ని గంటలకు నొక్కారో, మీ సభ్యత్వం నంబరెంతో ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. పోయినేడు రాని ఆ 22 మందిలో ఎవరైనా మీకు తెలిస్తే, వాళ్లు ఈసారి పాత నంబరుతోనే నింపొచ్చని చెప్పండి.